పార్సిల్లో మెరుపు

ఆ మంగళవారం పొద్దున జరగవలసింది ఇది. ఖాజా పీర్ కావడి భుజాన వేసుకుని ఊటబావికి పోయి రెండు కడవల నీళ్ళు తేవాలి. జుబేదాబీ ఇంటిపట్టున ఉండి, రెండు రోజులుగా ఒళ్ళు కాలుతున్న ఎనిమిది నెలల బిడ్డను చూసుకోవాలి. ముందురోజు అన్నం ముందు కూర్చుని, అల్లా మీద ఆన పెట్టి ఒప్పుకున్నది అతనే.

తెల్లారి ఆమె లేచి చూసేసరికి కావడి గోడకే ఆనుకుని ఉంది. మొగుడు లేడు, చెప్పులూ లేవు. బెంగళూరు అంగడి నుంచి రావలసిన ఫ్లాష్ మిషన్ వచ్చిందేమో కనుక్కోవడానికి కంబదూరు పోస్టాఫీసుకు పోయాడు. అట్లా పోవడం అది పదిహేడో రోజు.

మిషన్ కోసం ఉత్తరం రాసిన నాటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు. అంగడివాళ్ళు పంపిన కాగితం మీద మిషన్ బొమ్మ ఉంది. గిన్నెలాంటి మెరిసే పళ్ళెం, దాని నడుమ వెల్లుల్లిగడ్డంత బుడ్డి. ఆ కాగితాన్ని మడతలు చిరిగేదాకా విప్పి చూసుకున్నాడు. బిడ్డకు చూపిస్తే బిడ్డ దాన్ని నోట్లో పెట్టుకుంది. జ్వరం బిడ్డ అని కూడా చూడకుండా కసిరాడు. అతని బాధ అతనిది. ఎండ ఉంటే తప్ప పని చేయని డబ్బా కెమెరాతో ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. నికాహ్‌లేమో చీకటి పడ్డాక ఇళ్ళ లోపల జరుగుతాయి. ఆ పనులన్నీ కళ్యాణదుర్గం ఫోటోలవాళ్ళు తన్నుకుపోతున్నారు.

"ఈ సీమలో ఎండ తప్ప ఇంకేముండాది," అని జుబేదాబీ మొదటి రోజే అడిగింది. "అది సాలకనా, ఎలుతురు కొనుక్కొస్తాండావు?"

"నీకు తెలీదులే," అన్నాడతను.

నాలుగో తరగతిలో బడి మాన్పించిన మనిషికి ఆ మాట తేలు కుట్టినట్టే ఉంటుంది. కుట్టిన చోటు ఆమెకు ఇంకా మంటగానే ఉంది. అసలు మంట వేరే. ఇంటికి వచ్చే రెండు కడవల్లో ఒకటి అతని ఫోటోలు కడగడానికే పోతుంది. కొత్త మిషన్ వస్తే పని పెరుగుతుంది. పని పెరిగితే రెండో కడవ కూడా అటే పోతుంది. అప్పుడు బిడ్డ నోట్లో ఏం పోయాలి?

కరువులో అధికమాసం అన్నట్టు, ఆ ఏడు ఎర్రబండపల్లెకు వరసగా మూడో కరువు. శ్రావణం సగం గడిచినా వేరుశనగ విత్తనం సంచుల్లోనే ఉంది. ఊరివాళ్ళు కప్పను రోకలికి కట్టి ఊరేగించారు. వాన కోసం వండిన వరపాసం బండ మీద పోసుకుని నాకారు. పీర్ల చావడిలో చక్కెర చదివించారు. మబ్బు రావడం, ఊరిని ఒక చూపు చూసి పోవడం, అంతే. ఊరంతటికీ ఊటబావి ఒక్కటే దిక్కు. రాత్రంతా ఊరితే పొద్దునకు మోకాటి లోతు నీళ్ళు. ఇంటికి రెండు కడవలు, వరుస ప్రకారం. ఆ వరుసను ఏలేది తిమ్మక్క. ఆమెకు ఆ పెత్తనం ఎవరిచ్చారో ఎవరికీ గుర్తు లేదు. తీసేసే ధైర్యం ఎవరికీ లేదు.

జుబేదాబీ చంకలో బిడ్డతో, రెండు కడవలతో బావి దగ్గరికి చేరేసరికి వరుస దోవ దాకా సాగి ఉంది. తిమ్మక్క ఆమెను కింది నుంచి మీదికి చూసింది.

"ఏమ్మే జుబేదా, రెండు కడవలూ మీరు తాగేదానికేనా? మా ఎద్దులు నాలికలు బైట పెట్టుకోనుండాయి, మీ ఇంట్లో కాయితాలకు తలంటు పోస్తాండారంట గదా."

ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వు మొగుడి మీద పడవలసింది, తన మీద పడింది. జుబేదాబీకి కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇంగ కాయితాలతో పోదులే అత్తా. మా ఇంటికి మెరుపు వస్తాంది. పార్సిల్లో."

"మెరుపా?"

"మెరుపే. బెంగుళూరు నుంచి. మబ్బు మూసినట్టు చీకటిగా ఉండాలంట. ఒక్క నొక్కు నొక్కితే ఊరంతా మెరుస్తాదంట."

"మెరిసినాక?"

"మెరిసినాక ఏముండాది, నీళ్ళే. కడవలకు కడవలు నీళ్ళు."

మోసి మోసి నడుము విరిగేది నాకు అన్నది ఆమె కడుపులోని మాట. అది బయటికి రాలేదు. వచ్చినంత వరకూ విన్న తిమ్మక్క నవ్వడం మానేసింది. బావి చుట్టూ ఉన్నవాళ్ళూ మానేశారు. తన మాట బాగా తగిలిందనుకుని, ఆ పూటకు కోపం కొంచెం చల్లారి, జుబేదాబీ తన వంతు కోసం కూర్చుంది.

మరునాడు ఆమె పోయేసరికి ఆమె కడవలకు వరుస మొదట్లో చోటు ఉంది. జ్వరం బిడ్డను పెట్టుకుని ఎండలో ఎందుకు నిలబడతావని మందలించి, తిమ్మక్క తానే చేద వేసి రెండు కడవలూ నింపింది. ఇంకో కడవ తెచ్చుకో పొమ్మంది. బిడ్డను చూసి జాలిపడ్డారనుకుంది జుబేదాబీ. లోకంలో ఇంకా మంచితనం ఉందని తలుచుకుని దారిలో కొంగుతో కళ్ళు కూడా తుడుచుకుంది.

ఆ సాయంత్రం బయ్యన్న ఇంటికి వచ్చాడు. ఊరికి పెద్ద రైతు, పెద్దమనిషి. ఖాజా పీర్ పనిని నీడలు పట్టే పని అని వెక్కిరించేది ఆయనే. అట్లాంటివాడు చెప్పులు బయట వదిలి, మంచం పట్టె మీద మర్యాదగా కూర్చున్నాడు.

"ఏమప్పా పీరా, నీ మిషన్ యాడిదాకా వచ్చింది?"

ఖాజా పీర్ రొమ్ము జానెడు పొంగింది. "దోవలో ఉండాదన్నా. ఈ పొద్దో రేపో."

"మొదట మనూర్లోనే నొక్కుతావు గదా?"

"ఇంగ యాడ నొక్కుతానన్నా. మొదటిది మనూరికే."

"నొక్కితే ఎంతసేపుంటాది?"

"రెప్పపాటు."

బయ్యన్న ముఖం చిన్నబోయింది. "రెప్పపాటుకు ఏం తడుస్తాదప్పా?"

ఫోటో కాగితాన్ని తడిపే సంగతి ఇంత పెద్ద రైతుకు ఎట్లా తెలిసిందా అని ఖాజా పీర్ మురిసిపోయాడు. "తడిసేది తర్వాతన్నా. నొక్కిన రెండు మూడు గంటలకు. బాగా నానాల. నానితేనే పని."

"అట్ల చెప్పు. ఎన్ని మార్లు నొక్కచ్చు?"

"డజను బుడ్లు పంపుతాండారు. ఒక్కో బుడ్డి ఒక్క మారే. ఊరికే నొక్కితే దండగ."

బయ్యన్న వేళ్ళు ముడిచాడు. విత్తనానికి ఒకటి, కలుపుకు ఒకటి, ఊడలు దిగేటప్పుడు ఒకటి, కాయ ఊరేటప్పుడు ఒకటి. "ఏడాదికి నాలుగు పదునులు సాలు," అన్నాడు. "మిగిలినవి వచ్చే రెండేండ్లకు దాచిపెట్టు. చెడిపోవు గదా?"

"గడ్డిలో చుట్టి పంపుతారన్నా. చెడిపోవు."

బయ్యన్న లేచి, పోతూ పోతూ ఆ ఇంటి గడపకు చెయ్యి తాకించి కళ్ళకు అద్దుకున్నాడు. లోపల తలుపు చాటున నిలబడి అంతా విన్న జుబేదాబీకి, బావి దగ్గర తానన్న ప్రతి మాటా ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చింది.

"వాళ్ళు వాన అనుకుంటాండారు," అంది మొగుడితో.

"ఏం వాన?"

"నీ మిషన్ వాన కురిపిస్తాదనుకుంటాండారయ్యా. నాలుగు పదునులన్నాడు, భూమి తడిసే పదును, ఇనల్యా?"

ఖాజా పీర్ ఆమెను జాలిగా చూశాడు. ఫోటోలో ముక్కూ మొహం గీత గీసినట్టు రావడాన్ని పదును అంటారని, ఆ మాట బయ్యన్న నోట వచ్చిందంటే పల్లెకు కళ విలువ తెలుస్తున్నట్టేనని, మొగుడికి నలుగురూ మర్యాద ఇస్తుంటే ఓర్వలేని ఆడదాన్ని తన ఇంట్లోనే చూస్తున్నానని నిదానంగా చెప్పాడు. చివర "నీకు తెలీదులే" కూడా అన్నాడు. జుబేదాబీ చేతిలో ఉన్న చెంబును నేలకు వేసి కొట్టబోయి, అందులో నీళ్ళున్నాయని ఆగింది.

అతను వినకపోతే తానే ఊరికి చెప్పాలి. మరునాడు బావి దగ్గర చెబుదామనే పోయింది. అప్పటికి మొదటి కడవ నిండుతోంది. నిండనిమ్మని ఊరుకుంది. రెండోది కూడా నిండింది. మూడోది నిండుతుంటే ఇంట్లో మూలుగుతున్న బిడ్డ గుర్తుకొచ్చింది. మూడో కడవ మెడ దాకా నిండాక, ఇంక ఆగితే నోరు పడిపోతుందనిపించి, అది వాన మిషన్ కాదని, చీకట్లో ఫోటోకు వెలుతురిచ్చేదని, తాను కోపంలో ఏదో అన్నానని గబగబా చెప్పేసింది.

తిమ్మక్క చుట్టూ చూసి, గొంతు తగ్గించి కన్ను గీటింది. "అట్లనే చెప్పమ్మా ఎవరడిగినా. మలకవంకోల్ల చెవిన పడితే ఎత్తుకపోతారు. మేమూ ఎవరితో అన్ల్యా."

ఎవరితోనూ అనని ఆ మాట అప్పటికే పక్క ఊరు మలకవంక దాటి ఇంకో మూడు ఊళ్ళకు చేరింది.

మూడు కడవలతో జుబేదాబీ ఇంటికి వచ్చి బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ వేసింది. సాయంత్రానికి జ్వరం దిగింది. ఆమె కోపం మాత్రం దిగలేదు. కట్టుకున్నవాడికి చెబితే వినడు. ఊరికి చెబితే నమ్మదు. కోపంలో అన్న మాటను మాత్రం ఊరంతా మూటగట్టి నెత్తిన పెట్టుకుంది. ఆ మూట జారిన నాడు మొదట దొర్లేది తన కడవలే.

శుక్రవారం తపాలా తెచ్చే తిప్పేస్వామి కబురు పట్టుకొచ్చాడు. పార్సిలు వచ్చింది, పెద్దది కాబట్టి కళ్యాణదుర్గం పోస్టాఫీసులోనే ఉంచారు, మనిషి వచ్చి సంతకం పెట్టి తీసుకోవాలి. ఆ కబురు ఖాజా పీర్‌కు చేరేలోగానే బయ్యన్నకు చేరింది. ఎర్రబండపల్లెకు బస్సు రాదు. రెండు మైళ్ళ దూరంలో ఉన్న మలకవంక దగ్గర ఎక్కాలి, అక్కడే దిగాలి. అందుకని శనివారం పొద్దున బయ్యన్న తన ఎద్దులబండిని, జీతగాణ్ణి ఇచ్చి పంపాడు. ఊరివాళ్ళు విత్తనం వేసే గొర్రులు బయటికి తీశారు, విత్తనం సంచులు విప్పారు. తప్పెట్లవాళ్ళు బండ మీద మంట వేసి తప్పెట్లు కాచుకుంటూ కూర్చున్నారు. ఖాజా పీర్ ఇదంతా చూసి, కెమెరా తుడిచి మెడలో వేసుకుని, పెళ్ళికొడుకులా బండెక్కాడు.

మలకవంకలో ఏమి జరిగిందో బండి తోలినవాడు తర్వాత చెప్పాడు. మధ్యాహ్నం బస్సు దిగేసరికి అక్కడ యాభై మంది కాచుకుని ఉన్నారు. ఆ ఊరి పెద్ద లక్ష్మన్న రెండు చేతులూ జోడించి, మీకు పన్నెండు ఉన్నాయట, మాకు ఒక్కటి నొక్కిపో అని అడిగాడు. తనను చూస్తేనే ముఖం తిప్పుకునే జనం యాభై మంది ఒక్కసారిగా ఫోటో తీయమని బతిమాలితే ఏ ఫోటోలవాడు మాత్రం తట్టుకుంటాడు? ఖాజా పీర్ అక్కడికక్కడే పార్సిలు విప్పాడు. అందరినీ ఒక చింతచెట్టు నీడలో నిలబెట్టి, మొదటి బుడ్డి బిగించి నొక్కాడు. మెరిసింది. మలకవంక మొత్తం దండం పెట్టింది. అప్పటికే పడమట ఒక మబ్బు లేచి ఉందన్న సంగతి ఆ హడావుడిలో ఎవరూ పట్టించుకోలేదు.

ఎర్రబండపల్లె బండ మీద నిలబడ్డవాళ్ళకు మాత్రం ఆ మబ్బు బాగా కనిపించింది. మలకవంక మీద ఆకాశం నల్లబడింది. ఉరిమింది. వాన తెరలా దిగింది. తప్పెట్లు జోరందుకున్నాయి. తడిమట్టి వాసన గాలిలో వచ్చింది. ముసలివాళ్ళు చొక్కాలు విప్పుకుని నిలబడ్డారు. వాన రెండు ఊళ్ళ నడుమ ఉన్న వంక దాకా వచ్చింది. వంక అవతలి గట్టున ఆగింది. కాసేపు అక్కడే కురిసి, ఇటు రాకుండా తూర్పుకు తిరిగిపోయింది.

కొంతసేపటికి బండి వచ్చింది. బండి వెనక భాగం తడిసి ఉంది, ముందు భాగం పొడిగా ఉంది. ఖాజా పీర్ మిషన్ పెట్టెను చొక్కా కింద దాచుకుని నవ్వుతూ దిగాడు. దిగాక ఎవరూ నవ్వడం లేదని గమనించాడు.

"మా బండెక్కిపోయి వాళ్ళకు కురిపించొస్తావేమప్పా," అన్నాడు బయ్యన్న.

"నేను ఒట్టి ఫోటో తీసినా అన్నా."

"మొదటిది మనూరికే అంటివి."

ఖాజా పీర్ ఆ ముఖాలను చూశాడు. తడిసిన బండిని చూశాడు. విప్పిన విత్తనం సంచులను చూశాడు. ఆఖరున గుంపు వెనక బిడ్డనెత్తుకుని నిలబడ్డ పెళ్ళాం ముఖం చూసి, అప్పుడు అర్థం చేసుకున్నాడు. నాలుగో తరగతి చదివిన ఆమెకు బుధవారమే తెలిసినది ఎస్సెల్సీ దాకా పోయిన అతనికి శనివారం సాయంత్రానికి తెలిసింది.

ఇంకా పదకొండు ఉన్నాయి కదా, నొక్కమన్నారు. వాన కాదని చెప్పబోయాడు. తప్పెట్లవాళ్ళు తప్పెట పుల్లలు చేతులు మార్చుకున్నారు. అతను నొక్కాడు. మెరిసింది. అందరూ పైకి చూశారు. రెండోది నొక్కాడు. మూడోది నొక్కాడు. బుడ్డి బుడ్డికీ కళ్ళు జిగేలుమన్నాయి గానీ ఆకాశం అద్దంలా తేటపడుతూ పోయింది. పదకొండో బుడ్డి మాడిన పేలాల గింజలా కింద పడింది.

"మంచి బుడ్డి వాళ్ళకిచ్చి," అన్నాడు బయ్యన్న, "తాలు బుడ్లు మనకు తెచ్చినాడు."

ఇంటికి చేరాక ఖాజా పీర్, ముందే గట్టిగా చెప్పి ఉండకూడదా అని పెళ్ళాం మీద ఎగిరాడు. జుబేదాబీ తెల్లారి బావికి ఎవరు పోతారని మాత్రం అడిగింది. అతను దుప్పటి నెత్తి మీదికి లాక్కున్నాడు.

ఆదివారం పొద్దున బిడ్డ ఒళ్ళు మళ్ళీ వెచ్చబడింది. ఇంట్లో ఉన్నది చెంబెడు నీళ్ళు. బిడ్డను చంకనేసుకుని జుబేదాబీ పోయి తన కడవలు వరుసలో పెట్టింది. తిమ్మక్క వచ్చి వాటిని కాలితో దోవలోకి తోసింది. ఒకటి దొర్లుకుంటూ పోయి రాతికి తగిలి నొక్కుపడింది.

"ఈ పొద్దు నుంచి మీకు ఈడ వంతు ల్యా. మలకవంకలో గుంటలు నిండినాయంట. ఆడికి పో. మీ ఆయన వానే గదా."

జుబేదాబీ చుట్టూ చూసింది. మొన్న వరుస మొదట్లో చోటు ఇచ్చినవాళ్ళంతా చేదతాడు వైపు చూస్తున్నారు. ఎద్దులకు నీళ్ళ కోసం వచ్చిన బయ్యన్న పై గుడ్డ దులుపుకుంటున్నాడు. బిడ్డ ఆమె మెడ మీద పొడి పెదాలతో తడుముకుంటోంది. ఏడుపు వస్తుందనుకుంది. ఏడుపు రాలేదు. పదిహేడు రోజుల ఎదురుచూపు మీద, "నీకు తెలీదులే" మీద, కాయితాల తలంటు మీద, తాను నిజం చెబితే కన్ను గీటిన ఆ ముసలమ్మ మీద ఒక్కసారిగా కోపం వచ్చింది. కడవలు అక్కడే వదిలేసి ఇంటికి పోయింది. ఖాజా పీర్ ఇంకా దుప్పటి కిందనే ఉన్నాడు. తలగడ పక్కన ఉన్న మిషన్‌ను తీసుకుని వెనక్కి వచ్చింది.

ఒక చంకలో బిడ్డ, ఒక చేతిలో మెరిసే పళ్ళెం. పొద్దుటి ఎండ దాని మీద పడి బావి చుట్టూ ఉన్న ముఖాల మీద తిరిగింది.

"వాన మలకవంకకు పోయింది అత్తా," అంది. "పిడుగు దీంట్లోనే ఉండాది."

చేద సగంలో ఆగింది. ఎవరో కడవ దించి వెనక్కి జరిగారు. తిమ్మక్క మాత్రం కదలలేదు.

"నిన్న పదకొండు మార్లు నొక్కె గదా నీ మొగుడు. ఏమొచ్చింది?"

"నిన్న నొక్కింది ఆయప్ప," అంది జుబేదాబీ. "ఈ పొద్దు నేను నొక్కుతా."

పళ్ళెం నడుమ బుడ్డి లేదు. ఉండవలసిన చోట ఉత్త బొక్క ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. అక్కడున్నవాళ్ళకు తెలియదు. వాళ్ళు చూస్తున్నది మిషన్‌ను కాదు, ఆమె ముఖాన్ని.

"తిమ్మక్కా," అన్నాడు బయ్యన్న మెల్లగా, ఎద్దుల తాళ్ళు రెండూ ఒక చేతిలోకి తీసుకుంటూ. "ఆ యమ్మ కడవలు ముందుకు జరుపు. మనకెందుకు."

తిమ్మక్క పోయి దోవలో పడ్డ కడవలు తానే తెచ్చింది. నొక్కుపడ్డ చోట మట్టి తుడిచింది. రెండూ నింపింది.

"మూడు," అంది జుబేదాబీ.

తిమ్మక్క నిండిన తన కడవనే మూడోదిగా ఎత్తి ఇచ్చింది.

బిడ్డ ఆ వారంలోనే కోలుకుంది. ఎర్రబండపల్లె మీద వాన భాద్రపదంలో, ఎవరూ ఏమీ నొక్కని ఒక రోజున పడింది. బెంగళూరు నుంచి కొత్త బుడ్లు వచ్చాయి. ఖాజా పీర్‌కు చుట్టుపక్కల నికాహ్‌ల పనులు మొదలయ్యాయి. అయితే అతను ఎంత దూరం పోవాలన్నా, మిషన్ జుబేదాబీతో బావి దగ్గర నుంచి ఇంటికి తిరిగి వచ్చేదాకా ఎదురు చూడవలసి వచ్చేది.